ఇంగ్లిష్ వాక్యంలో నామవాచకం ఏ రకానికి చెందినదో గుర్తించడం ఎలా?

ఇంగ్లిష్ వ్యాకరణం నేర్చుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: ఫలానా పదం కామన్ నౌనా, కలెక్టివ్ నౌనా? ఒక పుస్తకం ఒక జవాబు చెబుతుంది, మరొకటి వేరే జవాబు చెబుతుంది, దాంతో ఉన్న సందేహం తీరకపోగా ఇంకొకటి వచ్చి చేరుతుంది. చాలా సందర్భాల్లో ఆ రెండు జవాబులూ సరైనవే. 'టీమ్' అన్న పదాన్నే తీసుకుంటే అది కామన్ నౌన్, కలెక్టివ్ నౌన్, కౌంటబుల్ నౌన్ మూడూ అవుతుంది, ఎందుకంటే ఈ మూడు పేర్లూ మూడు వేర్వేరు ప్రశ్నలకు వచ్చే జవాబులు. ఆ పదం ఒక్కరికే పెట్టిన పేరా, ఆ జాతి మొత్తానికీ వర్తించే పేరా అన్నది ఒక ప్రశ్న. దాన్ని లెక్కపెట్టవచ్చా అన్నది మరొక ప్రశ్న. అది గుంపును సూచిస్తుందా అన్నది ఇంకొకటి. వీటన్నిటినీ కలగలిపి 'ఇది ఏ రకం?' అని ఒక్క మాటలో అడగడం వల్లనే చిక్కు వస్తోంది.

మరొక సంగతి కూడా ముందే చెప్పాలి. ఒక పదాన్ని విడిగా రాసి దాని రకం చెప్పమంటే చాలా పదాలకు కచ్చితమైన జవాబు ఉండదు. 'ఐరన్' అంటే ఇనుము కావచ్చు, బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె కావచ్చు, ఇస్త్రీ చేయడం అనే క్రియ కూడా కావచ్చు. వీటిలో ఏది అన్నది వాక్యమే తేల్చాలి. అందువల్ల కింది మెట్లన్నిటినీ పూర్తి వాక్యాల మీదనే ప్రయోగించండి.

కావలసినవి

ఐదారు వాక్యాలున్న ఏదైనా ఇంగ్లిష్ పేరా, ఒక పెన్సిలు, నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఇంగ్లిష్ నిఘంటువు ఉంటే చాలు. నిఘంటువు ఎంపికలో కొంచెం జాగ్రత్త అవసరం. ఇంగ్లిష్ పదానికి తెలుగు అర్థం మాత్రమే ఇచ్చే నిఘంటువు ఈ పనికి సరిపోదు. నేర్చుకునేవారి నిఘంటువుల్లో నామవాచకం పక్కన, ప్రతి అర్థానికీ విడిగా, లెక్కపెట్టదగినదైతే 'సి' అనీ, కానిదైతే 'యు' అనీ గుర్తు ఉంటుంది. కొన్నిటిలో 'కౌంటబుల్', 'అన్‌కౌంటబుల్' అని పూర్తిగానే రాస్తారు. పేరాను ఏదో ఒక చోటి నుంచి తీసుకోండి కానీ, పెద్ద అక్షరాలతో నిండిన శీర్షికలు, ప్రకటనలు మాత్రం వద్దు. కారణం రెండో మెట్టులో తెలుస్తుంది.

1. ముందుగా నామవాచకాలను ఏరండి

రకం చెప్పడానికి ముందు అది నామవాచకమో కాదో తేలాలి. 'వ్యక్తి, స్థలం లేదా వస్తువు పేరు' అన్న నిర్వచనం మొదటి పాఠానికి పనికొస్తుంది కానీ, 'డెసిషన్', 'అరైవల్' వంటి పదాల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. అందువల్ల అర్థాన్ని పక్కన పెట్టి పదం ప్రవర్తనను చూడండి. 'ది', 'ఎ', 'మై', 'దిస్' వంటి మాటల తరువాత అది రాగలదా? 'ఆఫ్', 'ఇన్', 'విత్' వంటి ప్రిపొజిషన్ల తరువాత నిలబడగలదా? దానికి బహువచనం గానీ, అపాస్ట్రఫీతో కలిసిన 'ఎస్' గానీ చేర్చగలమా? అది తలగా, అంటే ముఖ్యపదంగా, ఉన్న మాటల గుంపు మొత్తాన్ని తీసేసి 'ఇట్' లేదా 'దే' పెడితే వాక్యం నిలుస్తుందా? వీటిలో రెండు కుదిరితే అది నామవాచకమేనని తీసుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, 'ఎ' తరువాత వచ్చిన తొలి పదాన్నే నామవాచకంగా గీసేయడం. 'ఎ వెరీ ఓల్డ్ స్టోన్ బ్రిడ్జ్' అన్న గుంపులో 'వెరీ', 'ఓల్డ్' నామవాచకాలు కావు. గుంపు చివరన ఉన్న 'బ్రిడ్జ్' అసలైన తల. 'స్టోన్' పుట్టుకతో నామవాచకమే అయినా ఇక్కడ వంతెన ఎలాంటిదో చెప్పే విశేషణం పని చేస్తోంది. దాన్ని ఏమని పిలవాలన్న చర్చ ఆరో మెట్టులో వస్తుంది.

రెండో పొరపాటు, ఒకే రూపం క్రియగానూ నామవాచకంగానూ వాడుకలో ఉన్న చోట జరుగుతుంది. 'దే వాక్ ఎవ్రీ డే' అన్నప్పుడు 'వాక్' క్రియ. 'దే వెంట్ ఫర్ ఎ వాక్' అన్నప్పుడు అదే పదం నామవాచకం. 'వాటర్ ది ప్లాంట్స్' అన్న చోట 'వాటర్' అంటే నీళ్లు కాదు, నీళ్లు పోయమనడం. కొన్ని జంటల్లో మాత్రం ఉచ్చారణే తేడా చెప్పేస్తుంది: 'అడ్వైస్' అని 'స' పలికితే నామవాచకం, 'అడ్వైజ్' అని 'జ' పలికితే క్రియ. 'రికార్డ్' లాంటి పదాల్లో మొదటి భాగాన్ని ఒత్తి పలికితే నామవాచకం, రెండో భాగాన్ని ఒత్తితే క్రియ అవుతుంది.

2. ప్రాపర్ నౌన్ అవునో కాదో తేల్చండి

తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న భేదమే లేదు. అందువల్ల ఇంగ్లిష్ చదివేటప్పుడు మన కన్ను ఈ గుర్తును దాటిపోతూ ఉంటుంది, రాసేటప్పుడు చెయ్యి మరచిపోతూ ఉంటుంది. వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో మొదలయ్యే పదాలన్నిటి కిందా ముందుగా ఒక గీత గీయండి. వాక్యంలోని తొలి పదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే అక్కడ ఏ పదమైనా పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది.

గీత పడిన ప్రతి పదమూ ప్రాపర్ నౌన్ అవుతుందా అంటే కాదు. 'నేను' అన్న అర్థంలో వచ్చే 'ఐ' సర్వనామం. 'ఇండియన్ మ్యూజిక్' అన్నప్పుడు 'ఇండియన్' విశేషణం. ఈ రెంటినీ తీసేశాక మిగిలినవాటికి ఒక ప్రశ్న వేయండి: ఈ పేరు ఇక్కడ ఒకే ఒక్క వ్యక్తిని, స్థలాన్ని, సంస్థను లేదా కాలభాగాన్ని వేరుచేసి చెబుతోందా? అవునంటే అది ప్రాపర్ నౌన్. వారాల పేర్లు, నెలల పేర్లు, భాషల పేర్లు ఈ జాబితాలో ఉంటాయి. 'సమ్మర్', 'వింటర్' వంటి ఋతువుల పేర్లు మాత్రం మామూలుగా చిన్న అక్షరంతోనే రాస్తారు, వాటిని కామన్ నౌన్‌లుగానే చూడాలి. 'మై మదర్' అన్నప్పుడు 'మదర్' కామన్ నౌన్, చిన్న అక్షరం. 'ఐ ఆస్క్‌డ్ మదర్' అని పేరుకు బదులుగా పిలిచినప్పుడు పెద్ద అక్షరం వస్తుంది, ప్రాపర్ నౌన్ అవుతుంది.

'ముందు "ది" ఉంది కాబట్టి ప్రాపర్ నౌన్ కాదు' అన్న వాదన తప్పు. నదులకు, సముద్రాలకు, పర్వతశ్రేణులకు 'ది' తప్పనిసరి: 'ది నైల్', 'ది పసిఫిక్', 'ది హిమాలయాస్'. ఒంటరి శిఖరానికి, సరస్సుకు సాధారణంగా అది రాదు: 'మౌంట్ ఎవరెస్ట్', 'లేక్ విక్టోరియా'. చూడవలసింది 'ది' కాదు, 'ఎ' లేదా బహువచనం. 'దేర్ ఆర్ టూ రవిస్ ఇన్ ది క్లాస్' అన్నప్పుడు రవి అన్న పేరున్నవారు ఇద్దరని అర్థం. 'షి ఈజ్ యాన్ ఐన్‌స్టీన్' అంటే అంతటి మేధావి అని అర్థం. అక్షరం పెద్దదిగానే ఉన్నా, ఈ రెండు చోట్లా ప్రాపర్ నౌన్ కామన్ నౌన్ పని చేస్తోంది.

పాత రచనలను సాధనకు తీసుకోవద్దు. 1787లో తయారైన అమెరికా రాజ్యాంగ ప్రతిని చూస్తే మామూలు నామవాచకాలు కూడా పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి, అప్పటి రాత అలా ఉండేది. జర్మన్ భాషలో ఇప్పటికీ నామవాచకాలన్నిటికీ పెద్ద అక్షరమే. నేటి ఇంగ్లిష్‌లో ఆ పద్ధతి లేదు.

3. లెక్కపెట్టవచ్చో లేదో పరీక్షించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ మెట్టుకు ఇవ్వండి. మిగతా రకాల విషయంలో పొరబడితే పరీక్షలో ఒక మార్కు పోతుంది, అంతే. ఇక్కడ పొరబడితే రాసే ప్రతి వాక్యంలోనూ ఆర్టికల్, బహువచనం, క్రియ మూడూ తప్పుతాయి.

పరీక్ష సులభం. పదం ముందు 'టూ' లేదా 'త్రీ' పెట్టి, చివర బహువచన ప్రత్యయం చేర్చి చదవండి. తరువాత 'మెనీ' పెట్టి చూడండి, 'మచ్' పెట్టి చూడండి. 'మెనీ చైర్స్' కుదురుతుంది, కాబట్టి 'చైర్' కౌంటబుల్. 'మచ్ ఫర్నిచర్' కుదురుతుంది, 'మెనీ ఫర్నిచర్స్' కుదరదు, కాబట్టి 'ఫర్నిచర్' అన్‌కౌంటబుల్. 'ది', 'సమ్', 'ఎ లాట్ ఆఫ్' అన్నవి రెండు రకాలతోనూ వస్తాయి కనుక వాటితో పరీక్షించి ప్రయోజనం లేదు.

'ఎ' ఒక్కదాన్నే నమ్ముకోవడం కూడా ప్రమాదమే. 'ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లిష్' అన్నది సరైన ఇంగ్లిషే కానీ, 'నాలెడ్జెస్' అన్న బహువచనం వాడుకలో లేదు. ముందు విశేషణం ఉన్నప్పుడు కొన్ని అన్‌కౌంటబుల్ పదాలు 'ఎ'ను అనుమతిస్తాయి. అందుకే అంకెతో ఒకసారి, 'మెనీ'తో ఒకసారి, రెండు పరీక్షలూ చేయమని చెప్పడం.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది వేరే ఉంది. మన భాషలో 'నీళ్లు', 'పాలు' బహువచనాలు. 'నీళ్లు చల్లగా ఉన్నాయి' అంటాం. ఆ అలవాటుతో 'ది వాటర్ ఆర్ కోల్డ్' అని రాసేస్తాం. ఇంగ్లిష్‌లో 'వాటర్', 'మిల్క్' రెండూ అన్‌కౌంటబుల్, క్రియ ఏకవచనంలోనే ఉండాలి. 'సలహాలు' అనడం మనకు సహజం కాబట్టి 'అడ్వైసెస్' అని కలం జారుతుంది. అసలు పరీక్ష ఇంగ్లిష్ పదానికి చేయాలి, మనసులో మెదిలే తెలుగు పదానికి కాదు. కింది జంటలను నోటికి వచ్చేంతవరకు చదవండి, వీటిలో మొదటిది లెక్కకు రాదు, రెండోది వస్తుంది: 'ఫర్నిచర్' – 'చైర్', 'లగేజ్' – 'బ్యాగ్', 'వర్క్' – 'జాబ్', 'ట్రావెల్' – 'ట్రిప్', 'మెషినరీ' – 'మెషీన్', 'పొయెట్రీ' – 'పొయెమ్', 'సీనరీ' – 'వ్యూ', 'ట్రాఫిక్' – 'వెహికల్', 'హోమ్‌వర్క్' – 'అసైన్‌మెంట్', 'ఎక్విప్‌మెంట్' – 'టూల్'. 'ఇన్ఫర్మేషన్', 'అడ్వైస్', 'న్యూస్' వంటివాటిని ఒకటి రెండు అని చెప్పవలసి వస్తే 'ఎ పీస్ ఆఫ్', 'టూ పీసెస్ ఆఫ్' అన్న మాటలు ముందు చేర్చండి. 'మనీ' అన్‌కౌంటబుల్ అంటే చాలామంది నమ్మరు. మనం లెక్కపెట్టేది నాణేలను, నోట్లను మాత్రమే. 'వన్ మనీ, టూ మనీస్' అని ఎవరూ అనరు.

ఒకే పదం అర్థాన్ని బట్టి రెండు వైపులా నిలవడం ఇంగ్లిష్‌లో సర్వసాధారణం. 'ఐ హావ్ నో టైమ్' అన్నప్పుడు కాలం, లెక్కకు రాదు. 'ఐ మెట్ హిమ్ త్రీ టైమ్స్' అన్నప్పుడు సార్లు, లెక్కకు వస్తుంది. 'ది కార్ హాజ్ నో రూమ్' అంటే చోటు లేదని, 'ది హౌస్ హాజ్ త్రీ రూమ్స్' అంటే మూడు గదులని. 'ఎక్స్‌పీరియెన్స్' అంటే పని మీద వచ్చిన అనుభవం అయితే అన్‌కౌంటబుల్, జీవితంలో జరిగిన ఒక్కొక్క ఘటన అయితే కౌంటబుల్. 'హెయిర్' అంటే జుట్టు మొత్తం అయితే అన్‌కౌంటబుల్, ఒక్క వెంట్రుక కనిపిస్తే 'ఎ హెయిర్'. నిఘంటువు తెరిచేది ఇలాంటి చోట్లనే. మొదటి అర్థం దగ్గర ఆగిపోకుండా, మీ వాక్యానికి సరిపోయే అర్థం పక్కన ఏ గుర్తు ఉందో చూడండి.

పదం చివరన ఉన్న 'ఎస్' అక్షరాన్ని చూసి బహువచనమని నిర్ణయించవద్దు. 'న్యూస్', 'మ్యాథమెటిక్స్', 'ఫిజిక్స్', 'మీజిల్స్' చూడటానికి బహువచనాలే అయినా ఏకవచన క్రియతో వస్తాయి. 'పీపుల్', 'పోలీస్', 'క్యాటిల్' పదాలకు ఆ అక్షరం లేకపోయినా క్రియ బహువచనంలో ఉంటుంది. 'సిజర్స్', 'ట్రౌజర్స్' ఒకటే ఉన్నా బహువచనమే, లెక్క చెప్పాలంటే 'ఎ పెయిర్ ఆఫ్' అనాలి.

4. కాంక్రీట్, ఆబ్‌స్ట్రాక్ట్ భేదాన్ని చూడండి

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అనే ఐదింటిలో ఏదో ఒకదానికి అందేది కాంక్రీట్ నౌన్. ఆలోచనకు మాత్రమే అందేది ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్. గాలి కంటికి కనిపించదు కనుక 'ఎయిర్' ఆబ్‌స్ట్రాక్ట్ అని కొందరు రాస్తారు. అది చర్మానికి తగులుతుంది, కాబట్టి కాంక్రీటే.

ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్‌లను పట్టుకోవడానికి పదం తోకను చూడటం ఒక మంచి దారి: 'కైండ్‌నెస్', 'ఎబిలిటీ', 'ఎడ్యుకేషన్', 'చైల్డ్‌హుడ్', 'ఫ్రెండ్‌షిప్', 'ఫ్రీడమ్'. కానీ తోక ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు. 'విట్‌నెస్' సాక్షి, అంటే మనిషి. 'సిటీ' నగరం. 'స్టేషన్', 'అపార్ట్‌మెంట్' మనం లోపలికి నడిచి వెళ్లే చోట్లు. 'స్పేస్‌షిప్' చివరన ఉన్న 'షిప్'కూ, 'ఫ్రెండ్‌షిప్' చివరన ఉన్న దానికీ పోలిక శబ్దంలో మాత్రమే ఉంది.

ఆబ్‌స్ట్రాక్ట్ అన్నదంతా అన్‌కౌంటబుల్ అనుకోవడం చాలా విరివిగా కనిపించే పొరపాటు. 'ఐడియా', 'ప్రాబ్లమ్', 'ప్రామిస్', 'డెసిషన్' అన్నీ ఆబ్‌స్ట్రాక్ట్, అన్నీ కౌంటబుల్. మూడో మెట్టులోని ప్రశ్నకూ ఈ మెట్టులోని ప్రశ్నకూ సంబంధం లేదు, జవాబులను కలపవద్దు. అలాగే 'హానెస్ట్' అన్నది గుణాన్ని చెబుతోంది కాబట్టి ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అని గీయడమూ తప్పే. అది విశేషణం, నామవాచకం 'హానెస్టీ'. అనుమానం వస్తే మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి.

'జస్టిస్' అంటే న్యాయం, కానీ 'ఎ జస్టిస్' అంటే న్యాయమూర్తి. 'యూత్' అంటే యౌవనం, 'త్రీ యూత్స్' అంటే ముగ్గురు యువకులు. ఇటువంటి పదాలు వాక్యం మారగానే గీత దాటుతాయి. 'మ్యూజిక్', 'పెయిన్' వంటి కొన్ని పదాల విషయంలో వ్యాకరణ పుస్తకాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. వాటి కోసం గంటసేపు వాదించుకోవడం వృథా అని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ పేరు పెట్టినా వాక్యం రాసే పద్ధతి మారదు.

5. గుంపును సూచించే పదమేమో చూడండి

'ఎ టీమ్ ఆఫ్ ప్లేయర్స్', 'ఎ హెర్డ్ ఆఫ్ ఎలిఫెంట్స్', 'ఎ ఫ్లీట్ ఆఫ్ షిప్స్' అన్నట్టు, మీ పదాన్ని 'ఎ … ఆఫ్' మధ్యలో పెట్టి, వెనుక ఒక బహువచన నామవాచకాన్ని చేర్చండి. కుదిరితే అది కలెక్టివ్ నౌన్ కావచ్చు. 'కావచ్చు' అనడానికి కారణం 'ఎ బాక్స్ ఆఫ్ పెన్సిల్స్'. ఇదీ అచ్చంగా అదే అచ్చులో ఒదుగుతుంది కానీ, 'బాక్స్' కలెక్టివ్ నౌన్ కాదు. అందువల్ల రెండో పరీక్ష అవసరం: లోపలివాటిని తీసేయండి. పెన్సిళ్లు తీసేసినా పెట్టె మిగులుతుంది. ఆటగాళ్లను తీసేస్తే టీమ్ అనేది మిగలదు. సభ్యులతోనే ఏర్పడి, సభ్యులు లేనప్పుడు లేకుండా పోయేదే కలెక్టివ్ నౌన్.

'ఫర్నిచర్' ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అందులో కుర్చీలు, బల్లలు ఉంటాయి కదా, మరి గుంపే కదా అంటారు. 'టీమ్స్', 'కమిటీస్', 'హెర్డ్స్' అని బహువచనం చేయగలం, 'ఫర్నిచర్' పదాన్ని అలా చేయలేం. అది కలెక్టివ్ కాదు, అన్‌కౌంటబుల్.

క్రియ విషయంలో ఒక హెచ్చరిక. అమెరికన్ ఇంగ్లిష్‌లో 'ది టీమ్ ఈజ్' అన్నదే రివాజు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో గుంపును ఒక్కటిగా చూస్తే 'ఈజ్', సభ్యులను విడివిడిగా చూస్తే 'ఆర్' కూడా వాడతారు. కాబట్టి క్రియ బహువచనంలో కనిపించినంత మాత్రాన వాక్యం తప్పని కొట్టేయవద్దు. మీరు రాసేటప్పుడు మాత్రం ఒక పద్ధతి ఎంచుకుని, చివరిదాకా దానికే కట్టుబడండి.

6. పదార్థం పేరైతే మెటీరియల్ నౌన్

ఈ మెట్టు చిన్నది. 'మేడ్ ఆఫ్' తరువాత పెట్టి చదవండి: 'మేడ్ ఆఫ్ గోల్డ్', 'మేడ్ ఆఫ్ వుడ్', 'మేడ్ ఆఫ్ గ్లాస్'. కుదిరితే అది పదార్థం పేరు, దాదాపు ఎప్పుడూ అన్‌కౌంటబుల్. అదే పదానికి 'ఎ' తగిలితే పదార్థం వస్తువుగా మారిపోతుంది: 'గ్లాస్' గాజు, 'ఎ గ్లాస్' తాగడానికి వాడేది. 'ఎ స్టోన్ బ్రిడ్జ్', 'ఎ గోల్డ్ రింగ్' అన్న చోట ఏమని రాయాలి? పాఠశాల పుస్తకాలు చాలావరకు దాన్ని విశేషణంగా వాడిన నామవాచకం అంటాయి. 'ది రింగ్ ఈజ్ మేడ్ ఆఫ్ గోల్డ్' అన్న చోట మాత్రమే మెటీరియల్ నౌన్ అని రాయడం క్షేమం.

7. కాంపౌండ్ నౌన్, జెరండ్

ఈ రెండూ పదం ఎలా తయారైందో చెప్పే పేర్లు, కాబట్టి పై రకాల్లో దేనితోనైనా కలిసి ఉండగలవు. రెండు మూడు పదాలు కలిసి ఒకే వస్తువుకు పేరైతే అది కాంపౌండ్ నౌన్. 'బ్లాక్‌బోర్డ్' లాగా కలిపి రాయవచ్చు, 'బస్ స్టాప్' లాగా విడిగా రాయవచ్చు, 'మదర్-ఇన్-లా' లాగా అడ్డగీతలతో రాయవచ్చు. చివరిదాని బహువచనం 'మదర్స్-ఇన్-లా' అవుతుంది, చివర 'ఎస్' చేర్చడం పొరపాటు.

క్రియకు 'ఇంగ్' చేర్చి నామవాచకంగా వాడే రూపం జెరండ్. దీని దగ్గర కొంచెం ఆగాలి. 'హి ఈజ్ పెయింటింగ్' అన్నది క్రియ. 'హిజ్ హాబీ ఈజ్ పెయింటింగ్' అన్నదానిలోనూ 'ఈజ్' తరువాత అదే రూపం ఉంది, అయినా అది నామవాచకం. తేడా తెలియాలంటే 'ఆ పని చేస్తున్నది ఎవరు?' అని కర్తను అడగండి. అతడు బొమ్మ వేయగలడు, హాబీ బొమ్మ వేయలేదు. 'ఎ పెయింటింగ్' అంటే గోడకు తగిలించిన చిత్రం, అది జెరండ్ కాదు, మామూలు కౌంటబుల్ నౌన్.

8. ఒకే జవాబు రాయవలసి వస్తే

పరీక్షల్లో సాధారణంగా ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అనే ఐదింటిలో ఒకటి రాయమంటారు. అప్పుడు ఎక్కువ పదాలకు వర్తించే పేరును వదిలి, తక్కువ పదాలకు వర్తించే పేరును ఎంచుకోండి. ముందు ప్రాపర్ అవునో కాదో చూడండి, కాకపోతే వరుసగా కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ చూడండి, ఏదీ కాకపోతేనే కామన్ అని రాయండి. 'టీమ్' కామన్ నౌనే అయినా పరీక్షలో ఆశించే జవాబు కలెక్టివ్ అన్నదే. ప్రశ్నలో కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అని అడిగితే ఈ వరుసను మరచిపోయి మూడో మెట్టు జవాబు మాత్రమే ఇవ్వండి.

ఒక వాక్యం మీద మొత్తం పద్ధతి

'ది కమిటీ గేవ్ రవి గుడ్ అడ్వైస్ అబౌట్ ది గోల్డ్ ఇన్ హిజ్ మదర్-ఇన్-లాస్ హౌస్' అన్న వాక్యాన్ని తీసుకుందాం. 'గేవ్' క్రియ, 'గుడ్' విశేషణం, 'హిజ్' సర్వనామ రూపం కాబట్టి మొదటి మెట్టులోనే పోతాయి. మిగిలినవి ఆరు. 'కమిటీ'కి బహువచనం ఉంది, సభ్యులను తీసేస్తే మిగలదు, కనుక కౌంటబుల్, కలెక్టివ్. 'రవి' వాక్యం మధ్యలో పెద్ద అక్షరంతో, ఒక్క మనిషినే సూచిస్తూ వచ్చింది, ప్రాపర్. 'అడ్వైస్' ముందు 'గుడ్' ఉన్నా 'ఎ' లేదన్నది గమనించండి. అది అన్‌కౌంటబుల్, ఆబ్‌స్ట్రాక్ట్. 'గోల్డ్' మెటీరియల్, అన్‌కౌంటబుల్. నగల గురించే చెబుతున్నారని అనిపించినా పదం మారలేదు కాబట్టి రకమూ మారదు. 'మదర్-ఇన్-లా' తయారీని బట్టి కాంపౌండ్, ఐదింటిలో కామన్, లెక్కకు వస్తుంది. దాని వెనుక ఉన్న అపాస్ట్రఫీ 'ఎస్' స్వాధీనాన్ని చెబుతోంది, బహువచనాన్ని కాదు. 'హౌస్' కామన్, కౌంటబుల్, కాంక్రీట్.

సరిగ్గా చేశారో లేదో చూసుకోండి

మీరు గుర్తించిన కౌంటబుల్ పదాలన్నిటినీ ఒకసారి గమనించండి: ఏకవచనంలో ఉన్న ఏ కౌంటబుల్ నౌనూ సాధారణంగా ఒంటరిగా నిలవదు, ముందు 'ఎ', 'ది', 'మై' వంటిదేదో ఒకటి ఉండాలి. అలా లేకుండా నిలిచిన పదాన్ని మీరు కౌంటబుల్ అని రాసి ఉంటే, దాని రకాన్ని మళ్లీ పరీక్షించండి. 'బై బస్', 'ఎట్ హోమ్' వంటి స్థిరపడిన ప్రయోగాలకు మాత్రం ఈ నియమం వర్తించదు. నిఘంటువు అందుబాటులో లేనివారు, అదే పదం వచ్చిన మరో రెండు వాక్యాలను వేరే రచనలో వెతికి, దానికి ముందు ఏ మాటలు వచ్చాయో పోల్చి చూడవచ్చు.

ఆ తరువాత ఈ నాలుగు వాక్యాలతో సాధన చేయండి. జవాబులను కాసేపు చేత్తో మూసి ఉంచండి.

ఒకటి: 'ఇన్ జులై ది ఫ్యామిలీ విజిటెడ్ ది నైల్.'
రెండు: 'షి బాట్ టూ పేపర్స్ అండ్ సమ్ పేపర్.'
మూడు: 'ది జ్యూరీ హర్డ్ ది న్యూస్ ఇన్ సైలెన్స్.'
నాలుగు: 'రీడింగ్ గేవ్ హిమ్ ఎ న్యూ అండర్‌స్టాండింగ్ ఆఫ్ టైమ్.'

మొదటి వాక్యంలో 'జులై', 'నైల్' ప్రాపర్, 'ఫ్యామిలీ' కలెక్టివ్. రెండోదానిలో తొలి 'పేపర్స్' వార్తాపత్రికలు, కౌంటబుల్, కామన్. తరువాతి 'పేపర్' కాగితం అనే పదార్థం, అన్‌కౌంటబుల్, మెటీరియల్. మూడోదానిలో 'జ్యూరీ' కలెక్టివ్, 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అన్‌కౌంటబుల్, 'సైలెన్స్' ఆబ్‌స్ట్రాక్ట్. 'న్యూస్' పదాన్ని ఆబ్‌స్ట్రాక్ట్ అని రాసినవారు కూడా సరిగ్గానే రాశారు. నాలుగోదానిలో 'రీడింగ్' జెరండ్, 'టైమ్' ఆబ్‌స్ట్రాక్ట్, అన్‌కౌంటబుల్. 'అండర్‌స్టాండింగ్' ముందు 'ఎ' ఉన్నందువల్ల కౌంటబుల్ అని రాసి ఉంటే మూడో మెట్టులోని 'నాలెడ్జ్' ఉదాహరణను మళ్లీ చదవండి. ఈ అర్థంలో దానికి బహువచనం లేదు, నిఘంటువులు కూడా దాన్ని అన్‌కౌంటబుల్‌గానో, ఏకవచనంలో మాత్రమే వాడేదిగానో చూపుతాయి.